పుట్టలో పోసిన పాలు

ఒరే సత్యం, నా బంగారుకొండా,

మీ చెల్లి బతికిందిరా! కొబ్బరితోటలో నాగుపాము కరిచింది. నిన్ను కరిచినప్పుడు చేసినట్టు మంత్రగాడి దగ్గరికి మోసుకెళ్లకుండా, అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తాను. ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడోనాడు లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది తల్లి! నా సంతోషం ఎవరితో చెప్పుకోను?

ఇంటికి రాగానే మీ అమ్మ, "మన సుబ్బరాయుడే కాపాడేడండీ, పుట్టలో పాలు పోసొద్దాం రండి" అంది.

నువ్వుంటే, "పాము పాలు తాగదే పిచ్చమ్మా! విషంలేని పాము కరిస్తేనే మంత్రం పారేది" అని ఏడిపించేవాడివి. ఆ మాటే నా నోటిదాకా వచ్చింది. కానీ చెల్లిని బతికించింది ఇంజెక్షనే అంటే, మంత్రం కోసం కూర్చుని నిన్ను పోగొట్టుకున్నది మేమేనని మీ అమ్మకి చెప్పినట్టేగా.

"సరే, పద" అన్నాను. పాలచెంబు నేనే పట్టుకుని ముందు నడిచాను.

నాన్న