పన్నెండు వాట్ల పెట్టె

చేవెళ్ల,
వ్యయ నామ సంవత్సరం, భాద్రపద బహుళం,
14 సెప్టెంబరు 2006, గురువారం.

మిత్రుడు ఈశ్వరయ్యకు రాజమౌళి పంతులు నమస్కరించి వ్రాయు లేఖ.

నేను క్షేమం. నీ క్షేమం నీ నోట విని పద్నాలుగు నెలలయింది. ఇతరుల నోట వింటూనే ఉన్నాను.

ఊరు మారుతున్నది. బీజాపూరు రోడ్డు పొడుగునా జొన్న చేలలో తెల్లరాళ్లు పాతారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ఆదివారాలు కార్లలో వచ్చి ఆ రాళ్ల నడుమ నిలబడి ఫొటోలు దిగి వెళతారు. శనివారాలు నీవు మొయినాబాదులో ఎక్కి వచ్చే రెండున్నర బస్సు మాత్రం ఇంకా ఆ వేళకే వస్తున్నది. దాని హారను వినగానే రెండు గ్లాసులు కడిగే అలవాటు నాకు పోలేదు. ఒకదాన్ని మళ్లీ బోర్లిస్తాను.

నిన్న స్వామిదాసు వచ్చాడు. మా బడిలో డ్రిల్లు మాస్టరుగా ఉండి, ఇప్పుడు మీ వీధిలోనే ఉంటున్నవాడు. "ఈశ్వరయ్య సోల్డరింగ్ బంద్ పెట్టిండు సార్. దుకాణంల రీచార్జి కార్డులు అమ్ముతుండు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే మిషను ఐతారం నాడు కబాడీకి తూకానికి ఇస్తడంట" అన్నాడు. ఎందుకని అడిగితే, "చెయ్యి పోయినోనికి మిషనెందుకు" అన్నావట. ఆ మాట నీది కాదు, నాది. ఆదివారానికి ఇంకా మూడు రోజుల వ్యవధి ఉన్నదని ఈ లేఖ వ్రాసి స్వామిదాసు చేతికే ఇస్తున్నాను.

నిరుటి గురుపూర్ణిమ నాటి సంగతి మనమిద్దరం మరచిపోలేదు. మా గురువుగారి భాగవత పఠనాన్ని ముప్పై ఏళ్ల కిందట స్పూలు టేపు మీద పట్టినవాడవు నీవే. దానిని పదిమందికి వినిపించాలని పెద్ద గదిలో చాపలు పరిపించాను. నీవు చేసి ఇచ్చిన ఆంప్లిఫయరుకు అరుణశ్రీ ఇచ్చిన స్పీకర్లు కలిపాను. నా వద్ద ఛందస్సు నేర్చుకొన్న ఆ అమ్మాయి ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నది. ఇల్లు మారుతూ వాటిని నాకు ఇచ్చింది. "సార్, వీటికి సెన్సిటివిటీ తక్కువ, పవరు మస్తు గుంజుతయి" అని ముందే చెప్పింది.

ఆ రోజు గురువుగారి కంఠం గొణిగినట్లు వచ్చింది. పెంచితే పగిలిన కంచులా గీరుకుపోయింది. అప్పుడే బస్సు దిగి వచ్చిన నీవు, "పంతులూ, జర ఆగు, ఎన్కకు పోయి చూస్త" అన్నావు. నేను నీ భుజం పట్టి ఆపాను. ఇరవై మంది ఎదుట, "నీ చెవి పోయింది, దానితో చెయ్యీ పోయింది" అన్నాను. నీవు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొని, "నా చెవులు మంచిగనే ఉన్నయి పంతులూ. నువ్వన్నది సక్కగ ఇనవడ్డది" అని వెళ్లిపోయావు. ఈ ఏటి గురుపూర్ణిమకు నేనెవరినీ పిలవలేదు.

తరువాత అరుణశ్రీని అడిగి ఈ శాస్త్రం కొంత తెలుసుకొన్నాను. ఒక వాటు శక్తికి మామూలు స్పీకరు తొంభై డెసిబెళ్లు, అంటే ధ్వనిలో తొంభై మెట్లు, పలికితే ఇవి ఎనభై నాలుగు మాత్రమే పలుకుతాయట. మూడు మెట్లు ఎక్కాలంటే శక్తి రెట్టింపు కావాలి. ఆరు మెట్లకు నాలుగు రెట్లు. అంటే నీ పన్నెండు వాట్లు చేయవలసిన పనికి ఇవి నలభై ఎనిమిది అడుగుతాయి. నీకివి అక్షరాభ్యాసం వంటి సంగతులు. నాకు మాత్రం అలంకారశాస్త్రం మళ్లీ చదివినట్లయింది. ఆంప్లిఫయరు కవి, స్పీకరు సహృదయుడు. కొందరు సహృదయులు తొందరగా కరగరు. వారి పట్ల కవి ఎక్కువ శ్రమపడాలి. కవిలో దోషం లేదు, శ్రోతలో దోషం లేదు. ఇద్దరినీ జోడించడంలో ఔచిత్యం తప్పింది. ఆనాడు జరిగింది అంతే. నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు.

కనుక నా మనవి ఇది. ఆ మిషను ఎవరికీ ఇవ్వకు. ఈ మందస్వభావపు స్పీకర్లకు తగినట్లు యాభై వాట్ల ఆంప్లిఫయరు ఒకటి నాకోసం చెయ్యి. ఎన్ని నెలలు పట్టినా సరే. నడుమ నడుమ వచ్చి గది కొలతలు చూసుకొనిపో. గది పెద్దది. అందులో ఒక్కడినే ఉంటున్నాను.

శనివారాల మిత్రుడు,
రాజమౌళి

తా.క. లేఖ మడిచాను గాని స్వామిదాసు చేతిలో పెట్టలేకపోయాను. పైన వ్రాసిన లెక్క నిజమే, కానీ అది ఆనాటి సంగతి కాదు. అరుణశ్రీ స్పీకర్ల వెనుక నాలుగు ఓంలని ఉన్నది. నీ పెట్టె వెనుక మూడు మరలకు తెల్లరంగుతో నీవే తెలుగులో వ్రాశావు: 4 ఓం, 8 ఓం, 16 ఓం. స్పీకరు అంకె, మర అంకె ఒకటే కావాలని, తీగ నాలుగు మీదనే ఉంచమన్నావు. పూజ నాటి ఉదయం పెట్టెను పెద్ద గదిలోకి మార్చి తీగలు నేనే తగిలించాను. గురుపూజ, షోడశోపచారాలు, ఎదురుగా పదహారు ఓంకారాలు. నాలుగింటితో ఎందుకు సరిపెట్టాలనుకొని పదహారుకు బిగించాను.

మూడో నాడు పంకా బాగుచేయడానికి వచ్చిన మల్లేశ్ చూసి, "గిదేంది సార్, గిది దేవుని ఓం కాదు, కరెంటు ఓం" అని నవ్వి, తీగ మార్చాడు. ఈ గదికి నీ పన్నెండు వాట్లే చాలు. గురువుగారు ఎదురుగా కూర్చొని చదివినట్లుంది.

నీకు చెప్పలేదు. ఇరవై మంది ఎదుట అన్న మాట వెనక్కు తీసుకోవడానికి నోరు రాలేదు. పద్నాలుగు నెలలుగా తలుపులు, కిటికీలు బిగించుకొని వింటున్నాను. పంతులింట్ల డబ్బా మంచిగ మోగుతున్నదని ఎవరైనా నీతో అంటారేమోనని భయం.

ఈ ముక్క వ్రాయడానికి ముందు కిటికీలన్నీ తీసి పద్యం పెట్టాను. కూరగాయల ధనమ్మ గంప దించి అరుగు మీద కూర్చుంది. "గొంతెవలది సారూ" అన్నది. గొంతు మా గురువుగారిది, పెట్టె మొయినాబాదు ఈశ్వరయ్య చేసినదని చెప్పాను. "ఇంక చేస్తుండా ఆయన" అని అడిగింది. నిన్నడిగి చెబుతానని ఈ లేఖ స్వామిదాసుకు ఇస్తున్నాను.