పచ్చి స్లాగ్

జూన్ 4
మా రుఆబాంధా కాలనీ వెనక కొత్త రోడ్డుకి కొబ్బరికాయ కొట్టారు. నల్లరేగడిలో ఉక్కు ప్లాంటు స్లాగ్, అదే కొలిమి చిట్టెం, కలిపి నేలను గట్టిపరచడం — కాంట్రాక్టరు అప్పారావు సొంత ఆలోచనట! ప్లాంటులో నా కింద పని నేర్చుకునే రోజుల్లో ఇదే ఆలోచన నేను చెప్పి, రోమన్లు అగ్నిపర్వత బూడిదతో కట్టినవి ఇంకా నిలిచే ఉన్నాయంటే, "ఏటి గురువుగారూ, సెత్తతో రోడ్డేత్తారేటి?" అని డిపార్ట్‌మెంటంతటినీ నవ్వించినవాడు. ఇవాళ మెడలో బంతిపూల దండ. ఇంటికి లడ్డూలు పంపాడు. నేను తినలేదు. మరియ తినేసింది. భార్య కూడా నా పక్షం కాదు.

జూన్ 6
చూడకుండా ఉండలేక వెళ్లాను. నిన్నా మొన్నా కొలిమిలోంచి వచ్చిన సరుకు. తడిపి, ఒక వానాకాలమంతా ఆరుబయట వదిలేయాలి. లోపలి సున్నం చల్లారాలి. లేకపోతే రోడ్డు కింద నీరు తగిలి ఉబ్బుతుంది.
"పచ్చిదిరా ఇది."
"వానలొచ్చేత్తన్నాయి గురువుగారూ. టైమెక్కడిది?"
వానలొస్తున్నాయనే కదరా నా ఏడుపు!

ఆదివారం
చర్చిలో అప్పారావు రోడ్డు కోసం ప్రత్యేక ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

జూన్ 15
తారు పడింది. నున్నగా... ఛీ.

జూన్ 27
వారంగా వాన.

జూలై 9
ఉబ్బింది. రోడ్డు నడిమధ్య గూని. టీ కొట్టు దగ్గర పక్కింటి వర్మ — "స్లాగ్ హీ బేకార్ హై, భయ్యా." తప్పంతా స్లాగ్‌దేనట.
సంతోషించాలి నేను. పొద్దుటినుంచీ ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు. అప్పారావుకేం, ఇంకో కాంట్రాక్టు దొరుకుతుంది. స్లాగ్‌ని మాత్రం వీళ్లిక జన్మలో ముట్టరు.

జూలై 11
దుర్గ్ నుంచి పెద్ద ఇంజనీరు రేపు వస్తాడట. స్లాగ్ పనికిరాదని రాసేయడానికే. మరియ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ — "అప్పారావుని ముంచడానికెల్తన్నారా, మీ స్లాగ్‌ని తేల్చడానికా?"
రెండూ ఎందుకు కుదరకూడదు!

జూలై 12
"ఆప్ కౌన్?" అన్నాడు ఇంజనీరు. నేను నోరు తెరిచేలోగా అప్పారావు, చేతులు కట్టుకుని — "మేరే గురూజీ, సర్. యే ఐడియా పూరా ఇన్హీ కా థా."
ఆలోచనంతా నాదేనని ఇన్నాళ్లకు ఒప్పుకున్నాడు వెధవ. రోడ్డు ఉబ్బాక.
కాదంటే స్లాగ్ తరఫున మాట్లాడేవాడుండడు, అది పోతుంది. అవునంటే ఆ గూని కూడా నాదే.
"హాఁ, మేరా థా" అన్నాను. ఆలోచన నాది, పచ్చి సరుకు వీడిది, తవ్వి తీయించండి, కొత్త స్లాగ్‌ని ముందు ఈ వానల్లో నాననివ్వండి... నా హిందీ ఎప్పుడూ కోపంలోనే బాగుంటుంది.
ఇంజనీరు గూనిని బూటుతో తన్నాడు. జీపెక్కబోతూ వెనక్కి తిరిగి, "పూరీ బారిష్?" అన్నాడు, వానాకాలమంతానా అని.
"పూరీ బారిష్."
తల ఊపాడో, నవ్వాడో... వాన. అప్పారావు నాకు పట్టిన గొడుగు అడ్డం వచ్చింది.