పైకి కనిపించని కొవ్వు

పశువైద్య కళాశాల హాస్టల్,
కేరళ.

సముద్రం అవతల దీవిలో, హోప్ టౌన్‌లో ఉన్న మా పెద్దమ్మ బుల్లమ్మకి సుచరిత దండాలు.

ఫోనులో అయితే ఇద్దరం ఒకేసారి అరుస్తున్నాం. ఉత్తరమైతే నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవని రాస్తున్నాను. నా తెలుగు రాత నీకు తెలుసు కదా, సర్దుకో.

“ఇంకా ఏం చదువే?” అని అడిగావు. జాతిని బట్టి ఎవరికి కొవ్వు ఎక్కడ పేరుకుంటుందన్నది నా పరిశోధన. ఒకే తిండి పెట్టినా కొందరికి పైనే కనిపిస్తుంది, కొందరికి లోపల దాగి ఉంటుంది. ఎవరి గురించో పేరు రాయను. నీకు బాధ కలుగుతుంది.

నీ సుచరిత

తా.క. బక్కగా ఉన్నవాళ్లని నమ్మకూడదు పెద్దమ్మా. లోపల చాలా ఉంటుంది.

*

హోప్ టౌన్.

చదువు ఎక్కువైన సుచరితకి పెద్దమ్మ రాసేది.

బక్కగా ఉన్నది నేనేగా? పేరు రాయకపోతే పోల్చుకోలేననుకున్నావా? ఫోను పెట్టేసినందుకు నాకు కొవ్వంటావా? అమ్మ లేని పిల్లవని నోట్లో ముద్ద పెట్టి పెంచినందుకు బాగానే ఉంది.

అయినా కొవ్వు గురించి తెలుసుకోవడానికి కేరళ దాకా ఎందుకు? మా అత్తవారి వైపు చూస్తే చాలు. మా ఆడపడుచు చిట్టితల్లి గరాచర్మ ఊరి నుంచి వస్తోందంటే, బాంబూఫ్లాట్ రేవులో ఫెర్రీ దిగకముందే తెలిసిపోతుంది. ఆవిడకి అంతా పైనే.

ఇట్లు,
కొవ్వున్న పెద్దమ్మ

తా.క. మీ పెదనాన్నకి మాత్రం లోపలే. ఆ సంగతి పెళ్లయిన వారానికే కనిపెట్టాను. ఏ కాలేజీకీ వెళ్లలేదు.

*

కేరళ.

కోపంగా ఉన్న మా పెద్దమ్మకి,

అది తిట్టు కాదు పెద్దమ్మా! నేననేది నిజం కొవ్వు, కూర మీద తేలుతుందే, అది. బతికుండగా సరిగ్గా తెలీదు. అందుకే చనిపోయాక కోసి, కండ, ఎముక, కొవ్వు విడదీసి తూస్తాం. పాలిచ్చే తల్లులకి మూత్రపిండాల చుట్టూ ముద్దలా ఉంటుంది. మాంసం కోసం పెంచినవాళ్లకైతే చర్మం కింద, కండ మధ్యన తెల్లటి గీతల్లా ఉంటుంది. చూస్తే ముచ్చటేస్తుంది! నా చెయ్యి మంచిదని మా సార్ మెచ్చుకున్నారు.

నీ కొవ్వు లేని సుచరిత

తా.క. తూకం అయ్యాక వాళ్లని క్యాంటీన్‌లో వండుతారు. నేను తినలేదు, నీ మీద ఒట్టు.

*

చెన్నై వెళ్లే ఓడలోంచి.

నా తల్లి సుచరితకి,

నీ ఉత్తరం చదివి మీ పెదనాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “ఏటే ఇది! పశువుల డాక్టరు సదువుకని పంపితే బాలింతల్ని కోసి వండుకుంటన్నారా? ఎల్లి పిల్లని తెచ్చీ!” అన్నాడు. జెట్టీ మీద నిలబడి ఫోను చేశాను. మీ హాస్టల్ పిల్లెవరో ఎత్తి, “సుచరిత కటింగ్ రూమ్‌లో ఉంది” అంది. ఫోను చేతిలోంచి జారి సముద్రంలో పడింది. నేను దొరికిన ఓడ ఎక్కేశాను.

పక్క బెర్తులో ఉమేష్ భయ్యా అని, పశువుల ఆస్పత్రి కాంపౌండరు. ఏడుస్తున్నానేమిటని అడిగితే నీ ఉత్తరం హిందీలో చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. “అరే దీదీ, ఏ తో గాయ్ కీ బాత్ హై!” అన్నాడు. ఆవుల్ని ‘వాళ్లు’ అని రాస్తే నేనేమనుకోవాలే?

మనుషులు కాదని నవ్వాను. ఆవులని తెలిశాక అన్నం ముట్టలేకపోయాను. పసుపు రాసి దండం పెట్టుకునే తల్లి కదా. డెక్కు మీద కూర్చుంటే నీ చిన్నతనం గుర్తొచ్చింది. నేను చేపలు కోస్తుంటే పక్కన చేరి, “దీనికి కొవ్వు పొట్టలో ఉంది, దానికేమో తోలు కిందుంది, ఎందుకు పెద్దమ్మా?” అని ప్రాణం తీసేదానివి. నాకు జవాబు తెలీదు. ఆ జవాబు వెతుక్కుంటూ అంత దూరం వెళ్లావన్నమాట. కత్తిపీట పక్కన పెంచింది నేనే, ఇప్పుడు కోశావని నిన్నెలా తిడతాను? మనసులో ఒక దండం పెట్టుకుని కొయ్యి, చాలు.

ఇక వెనక్కి వెళ్లిపోదామని ఓడ తిప్పమన్నాను. కుదరదన్నారు. అందుకే వస్తున్నాను. దీన్ని చెన్నైలో పోస్టు చేస్తాను. నేనే ముందొస్తే, ఇది తర్వాత తీరిగ్గా చదువుకో.

నీ పెద్దమ్మ

తా.క. ఉమేష్ భయ్యా కూతురు మీ కాలేజీలోనే చేరుతోంది. నిన్నడగకుండా నీ గదిలో ఆ పిల్లకి చోటిచ్చేశాను. నాకు మంచం అక్కర్లేదు. నెల రోజులేగా, కింద పడుకుంటాను.