నా తర్వాత సూది ధరల బోర్డు

పెద్దపల్లి జిల్లా గోదావరిఖనిలో ఉంటున్న, కీర్తిశేషులు దేవసహాయం భార్య చిలుముల డెబోరా అనే నేను, వయసు అరవై మూడు, బొగ్గు గని ల్యాంపు రూములో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైనదాన్ని, నా వారసులకూ ఈ కాగితాన్ని అమలు చేసేవారికీ రాసి ఇస్తున్నది ఏమనగా: నా బుద్ధి నిలకడగా ఉంది. రాసేది నా చెయ్యి, రాయిస్తున్నది నా మనసు. ఎవరూ నన్ను బెదిరించలేదు. బతిమాలినవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళ మాట నేను వినలేదు.

వచ్చే గురువారం హైదరాబాదులో నా గుండె కవాటానికి ఆపరేషన్ ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరంతో చెడిన కవాటం అది. బరువు తగ్గే సూది వల్ల డెబోరా గుండె పోయిందని ఎవరైనా టీ కొట్టు దగ్గర పుకారు లేపితే, డాక్టరు రాసిన కాగితం బీరువాలో పై అరలో ఉంది, చూపించండి.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది ఈ రోజుతో రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా రిటైరైన రాయమల్లన్నది. ఆయన ఎవరి మాటా వినడని కాలనీ అంతా తిట్టుకుంటుంది. నాకు కావలసింది అలాంటి మనిషే.

2. నా సొంత డబ్బుతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు, బ్యాంకులో ఉన్నది, మెడలో ఉన్నది, అంతా నా ఒక్కగానొక్క కొడుకు డానీకి చెందుతుంది. పది నెలలుగా వాడు నాతో మాట్లాడటం లేదు. అది వాడి ఇష్టం. ఇల్లు మాత్రం వాడిదే. అలిగిన కొడుకు కూడా కొడుకే.

3. ఇక అసలు విషయం. "సూది ధర" అనే వెబ్‌సైటు నాది. బరువు తగ్గడానికి డాక్టర్లు రాసే, వారానికి ఒకసారి వేసుకునే సూది మందు ఏ దుకాణంలో ఎంతకు దొరుకుతుందో చూపే బోర్డు అది. ఇటు రామగుండం, బసంత్‌నగర్, అటు మంచిర్యాల, గోలేటి దాకా జనం చూస్తారు. డానీకి ఇల్లు ఎందుకిచ్చానో, ఈ బోర్డు ఎందుకివ్వడం లేదో తెలియాలంటే అది ఎలా పుట్టిందో చెప్పాలి.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో నా బరువు నూట నాలుగు కిలోలు. షుగరు ఉంది, మోకాళ్ళు పోయాయి. డాక్టరు సూది రాశాడు. డానీకి ఇక్కడే మందుల దుకాణం ఉంది కాబట్టి ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు, నా దగ్గర పైసా తీసుకోలేదు. మొదటి నెల పోపు వాసన వస్తే చాలు బయటికి పరుగెత్తేదాన్ని. మెల్లగా అలవాటైంది, ఒళ్ళు తేలికైంది. ఆగస్టులో ఒక ఆదివారం చర్చి మెట్ల మీద యేసమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్త గనిలో నాకు తెలిసినవాడే, చనిపోయి నాలుగేళ్ళు. ఆమె కూడా అదే సూది వాడుతోంది. "రెండు వారాలకోటి ఏసుకుంటున్న అక్కా, నెలకు నాలుగు కొనుడు నాతోని అయితలేదు" అంది. ఎక్కడ కొంటున్నావంటే, మా డానీ దుకాణంలోనే.

మరుసటి వారం మంచిర్యాలలో అదే కంపెనీ, అదే మందు, డానీ రేటు కంటే నెలకు పదిహేను వందలు తక్కువకు కనిపించింది. డానీ చట్టం తప్పలేదు. పెట్టె మీద అచ్చువేసిన ధరకే అమ్మాడు. నేను అడిగితే, "ఫ్రిజ్ కరెంటు ఎవరు కడుతరమ్మా? గట్ల తగ్గించుకుంట పోతె దుకాణం ఎట్ల నడుస్తది?" అన్నాడు. వాడి లెక్క వాడికి ఉంది. కానీ నాకు ఊరికే వచ్చిన మందును యేసమ్మ వారం తప్పించి వారం వేసుకుంటోందని తెలిశాక నాకు అన్నం సహించలేదు. ఆ వారమే బోర్డు పెట్టాను. దాని మీద ఎక్కిన మొదటి బిల్లు యేసమ్మది, నా కొడుకు దుకాణం ముద్ర ఉన్నది. తక్కువ ధర పైన, ఎక్కువ ధర కింద వచ్చే బోర్డు కాబట్టి, మిగతా దుకాణాల బిల్లులు ఎక్కగానే అది అడుగు వరుసలో పడింది. ఆ రోజు నుంచి వాడు మా గడప తొక్కలేదు.

4. ఈ బోర్డును నా చెల్లెలి కూతురు, బసంత్‌నగర్‌లో టీచరుగా ఉన్న సుజితకూ, గనిలో బొగ్గు ఎత్తే లోడర్ మిషను నడిపే కొమురెల్లికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. కొమురెల్లి బిల్లు చూడాలి, సుజిత ఎక్కించాలి. ఒకరి పని ఒకరు చేయకూడదు.

ఎందుకంటే ల్యాంపు రూములో నేను నేర్చుకున్నది అదే. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం తన చేత్తో తిరిగిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. "వాడు పైకొచ్చిండు, ఇంటికి పోయిండు, నేను చూసిన" అని దోస్తు ఒట్టేసి చెప్పినా బిళ్ళ తీయకూడదు. ధర కూడా అంతే. కొన్నవాళ్ళ బిల్లు చూడనిదే ఎక్కకూడదు. ఏడు రోజులు దాటిన ధర దిగిపోవాలి. డాక్టరు చీటీ లేనిదే కొనవద్దన్న మాట మొదటి వరుసలో ఎప్పుడూ ఉండాలి. పేటెంటు గడువు తీరాక ఒకే మందుకు చాలా పేర్లు వచ్చాయి కాబట్టి, పేరు పక్కన మందు మోతాదు కూడా రాయాలి. లేకపోతే చిన్న మోతాదును చూసి చౌక అనుకుంటారు.

5. బోర్డును అమ్మకూడదు. ఏ దుకాణం దగ్గరా కమీషన్ తీసుకోకూడదు. కొత్త సంవత్సరం క్యాలెండరు ఇచ్చినా తీసుకోకూడదు. హైదరాబాదు నుంచి ఒక మందుల దుకాణాల సంస్థవాళ్ళు కారేసుకుని వచ్చారు. మంచి మొత్తం ఇస్తామన్నారు. తమ దుకాణాలు పైన, మిగతావి కింద, అంతే మార్పు అన్నారు. టీ ఇచ్చి పంపించాను. బిస్కెట్లు కూడా పెట్టాను, అది నా మర్యాద.

6. కొమురెల్లికి నేను చేసిన అన్యాయం ఈ కాగితంలో ఉండి తీరాలి. మొదట్లో బోర్డు మీద నా సొంత తెలివి కూడా రాసేదాన్ని. మనవాళ్ళకు వారం గుర్తుండదు, షిఫ్టు గుర్తుంటుంది. సోమవారం సోమవారం షిఫ్టు మారుతుంది కదా అని "షిఫ్టు మారిన రోజు సూది వేసుకోండి" అని రాశాను. చాలా బాగా రాశానని మురిసిపోయాను కూడా. కొమురెల్లి సోమవారం వేసుకున్నాడు. గురువారం కాసిపేటలో పెళ్ళి ఉందని తోటివాడితో షిఫ్టు మార్చుకున్నాడు. షిఫ్టు మారింది కాబట్టి మళ్ళీ వేసుకున్నాడు. గనిలో బోర్డు మీద రాసింది రాసినట్టు చేస్తేనే ప్రాణం దక్కుతుందని ఇరవై ఏళ్ళు నేర్చుకున్న మనిషి అతను. పెళ్ళిలో పడిపోయాడు. రెండు రోజులు వాంతులు, మూడు రోజులు దవాఖానలో సెలైన్లు.

నేను మంచం పక్కన నిలబడితే, "షిఫ్టు మారితె ఏసుకోమని మీరే రాసిన్రు కదక్కా" అన్నాడు. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. ఆ సలహా తీసేసి, అది నా తప్పని నా పేరుతో నెల రోజులు బోర్డు మీద రాసి ఉంచాను. అప్పటి నుంచి అందులో ధర తప్ప సలహా లేదు. ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగాలి. డిశ్చార్జి అయిన మర్నాడు అతను మా ఇంటికి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుంటూనే తలుపు తీశాను. చొక్కా జేబులోంచి బిల్లు తీసి, "మొన్న కొన్నది ఎక్కియ్యలేదక్కా, రేటు పాతగైతదేమో" అన్నాడు. బోర్డుకు వారసుడు దొరికాడని నాకు అప్పుడే తెలిసింది. నా తప్పుకు బదులుగా అతని కూతురి ఇంటర్ ఫీజు నా బ్యాంకు డబ్బులోంచి రెండేళ్ళు కట్టాలి. మిగిలినదే డానీకి.

7. బరువు చూసుకునే మిషను యేసమ్మకు. ఇప్పుడు ఆమె వారం వారం సరిగ్గా వేసుకుంటోంది, అంకె దిగుతుంటే చూసుకోవాలి కదా. గోలేటి నుంచి మే ఎండలో బస్సెక్కి వచ్చే లింగవ్వకు, మంచు ముక్కలు పెట్టి సూది తీసుకుపోవడానికి నేను దూది పెట్టి కుట్టిన సంచి. దాని మీద పువ్వులు వంకరగా వచ్చాయి, ఏమీ అనుకోవద్దు.

8. పక్కింటి సదయ్య బావకు నా చదువుకునే కళ్ళజోడు. కొడుకు దుకాణం ముంచి ఊళ్ళో పేరు సంపాదించుకుంటోందని నా గురించి ఆయన అన్న మాట నాకు చేరింది. ప్రతి సోమవారం తన భార్య కోసం అదే బోర్డును ఫోన్లో కళ్ళు చికిలించి వెతుక్కుంటాడనీ చేరింది. ఇక హాయిగా చూసుకోవచ్చు.

9. సుజితా, కొమురెల్లీ, మీకు ఎప్పుడైనా చేతకాకపోతే, బిల్లులు చూసే ఓపిక పోతే, సిగ్గుపడకుండా బోర్డు మూసేయండి. ధరలన్నీ తీసి ఖాళీగా ఉంచండి. పాత ధర చూసి ఒక్క మనిషి బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చి ఉత్త చేతులతో వెళ్ళినా ఆ పాపం నాది.

10. ఆఖరి షరతు. నేను పోయాక జాలిపడి డానీ దుకాణాన్ని అడుగు వరుస నుంచి తీసేయాలని మీకు అనిపిస్తుంది. అక్కడ కొన్న బిల్లులు వారం వారం వస్తున్నంత కాలం తీయకూడదు. పైకి జరపకూడదు. వాడు ధర తగ్గించాక ఎవరో ఒకరు అక్కడ కొన్న బిల్లు తెస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. నా సమాధి దగ్గర ప్రార్థన జరుగుతున్నా సరే, సుజిత పక్కకు వెళ్ళి ఎక్కించి రావాలి.

డానీ, నీకు ఒక మాట. పది నెలలుగా ప్రతి ఉదయం నేను ముందు చూసేది నీ వరుసే. నీ పేరు అందరికంటే పైన ఉంటే చూసుకోవాలని నాకు ఎంత ఆశో ఎవరికీ చెప్పలేదు. బోర్డు తాళం నా చేతిలోనే ఉంది. ఒక్క వేలు కదిపితే నువ్వు పైకి వస్తావు, ఈ రాత్రికే ఇంటికి వస్తావు, గురువారం ఆపరేషన్ గది బయట కూర్చుంటావు. అది తెలిసీ నేను వేలు కదపలేదు. కదపను. నువ్వే రా బిడ్డా.

చదివించుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను. సాక్షులిద్దరికీ ఇందులో నేను ఇచ్చింది ఏమీ లేదు, పొద్దున తాగిన టీ తప్ప.

గోదావరిఖని
2026 జూన్ 15, సోమవారం

(సంతకం) చిలుముల డెబోరా

సాక్షులు:
1. లింగమూర్తి, రిటైర్డ్ ల్యాంపు రూము క్లర్కు
2. సదానందం, టీచరు