పై కుళాయి నుంచి కొలవని ఎత్తు

చెల్లికి, అక్క దీవెనలు. ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడవద్దు. నాన్న తాపీపని నుంచి వచ్చి కూర్చున్నాక ఈ కార్డు నింపాదిగా చదివి వినిపించు.

నేను లెక్క కట్టి ఎత్తు చెప్పిన మొదటి నీళ్ల ట్యాంకు పనికిరాలేదు. కింది వాటాలో నీళ్లు ధారగా పడుతున్నాయి. మేడమీద స్నానాలగదిలో మాత్రం బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ట్యాంకు ఎత్తును నేల నుంచి కొలిచాను. పై కుళాయి నుంచి చూస్తే అది రెండడుగులు కూడా లేదు. మేడమీద ఉండే ముసలావిడ మోకాళ్ల నొప్పులతో కింది నుంచి బిందె మోసుకుంటోంది. నిన్న నన్ను చూసి, "నీళ్లను ఎక్కిస్తానని నన్ను ఎక్కిస్తున్నావేమే తల్లీ!" అంది. నవ్వుతూనే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంజనీరుగారు ఇక లెక్కలు ముట్టుకోవద్దని, నకళ్లు రాసుకోమని అన్నారు.

సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడు నాన్న, "పై కుళాయి నుంచి కొలిచావా అమ్మా?" అని అడిగాడు. "నాకు తెలుసులే నాన్నా" అని మాట తుంచేశాను. ఆయన అడిగిందే సబబని చెప్పు. ట్యాంకు కింద ఇటుక దిమ్మెలు ఎంత లేపాలో, ఆ బరువును స్లాబు ఆపుతుందో లేదో కనుక్కుని వెంటనే రాయి.

అమ్మకు దగ్గు తగ్గిందా? "మా పెద్దది నీళ్లను మేడెక్కించింది" అని వీధంతా చెబుతోందని రాశావు. ఇక చెప్పవద్దను. ఎందుకని అడిగితే నాన్నవైపు చూడు, ఆయనే చెబుతాడు.

ఇద్దరికీ నా నమస్కారాలు.

అక్క