ఎత్తని చెయ్యి

1983 ఆగస్టు 8, సోమవారం

ఈ డైరీ ఇన్సూరెన్సు ఏజెంటు మా పెదనాన్నకిచ్చింది. ఆగస్టొచ్చినా ఆయన ఒక్క పేజీ రాయలేదు, నాకిచ్చీసేడు. ఆయన నాకిచ్చింది ఇదొక్కటే. స్టీల్ ప్లాంటుకింద మా ఊరు పోనాది, భూమి పోయినోళ్లకిచ్చిన కార్డు పెదనాన్న పేర్నుంది, కార్డు మీదొచ్చిన ఉద్యోగం ఆయన కొడుక్కెళ్లిపోనాది. మా నాన్న మొన్నటిదాకా నాలుగెకరాల ఆసామి. ఇప్పుడు పెందుర్తిలో అద్దె గది, సబ్బవరం చేలల్లో కూలి.

నాను అప్పలసూరిని. బీకాం ఫైనలియరు, రెండోసారి. కాలేజీ బాస్కెట్‌బాల్ టీము. ఇదే నా ఆఖరి సీజను. ఇండియా కప్పు కొట్టినకాడ్నించి ఊరంతా క్రికెట్టే. మా ఆట సూడ్డానికి కుక్క కూడా రావట్లేదు.

ఆగస్టు 17

మా ఫిజికల్ డైరెక్టరు గురునాథరావు మాస్టారు ప్రాక్టీసులో విజిలూదడు. తగిలించినోడే ఆగి చెయ్యెత్తాలి. మ్యాచిలో రిఫరీ ఫౌలిచ్చేక ఎత్తాలని రూలు. ఈయన రిఫరీ కన్నా ముందే ఎత్తమంటాడు. ఎత్తకపోతే గ్రౌండు సుట్టూ పది రౌండ్లు. నాలుగేళ్లబట్టీ ఇదే. మొన్న బస్సులో ఒకావిడ కాలు తొక్కీసి ఠక్కున చెయ్యెత్తీసేను. కండక్టరు టిక్కెట్టు కోసమనుకున్నాడు.

సెప్టెంబరు 14

వాన. సిమెంటు కోర్టు మీద జారి రెండు మోకాళ్లూ దోక్కుపోనాయి. మా టీములో రత్నరాజు నన్ను జ్ఞానాపురం ఆళ్లింటికి తీసుకెళ్లిపోనాడు. ఆళ్లమ్మ ఆరోగ్యమ్మ ఒక స్కూల్లో ఆయా. దెబ్బకి పసుపెట్టి, సేపల పులుసేసి అన్నం పెట్టింది. ముల్లు సూసుకు తినరా నాయనా, నాకు సరిగ్గా అవుపడక ఏరలేకపోనాను అంది. కళ్లు మసకలట. స్కూలోళ్లు ఏప్రిల్ నుంచి రావద్దన్నారట. రత్నరాజు ఆ మాట మజ్జిగ పోసుకుంటా సెప్పేడు, ఎవరింటి సంగతో అన్నట్టు. ఆడంతే. ఆడు నన్ను బావా అంటాడు, నాను ఆణ్ణి బావా అంటాను. ఆడి ఆట నాకన్నా బాగుంటాది. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా ఒప్పుకోను.

అక్టోబరు 22, శనివారం

పోర్టు టీము కెప్టెన్ ఎల్లారావు గారు ప్రాక్టీసు సూడ్డానికొచ్చేరు. స్పోర్ట్స్ కోటాలో మా కాలేజీ నుంచి ఒకణ్ణి తీసుకుంటారట. ఇంటర్ కాలేజియేట్ ఫైనల్‌కొస్తే, ఆ రోజు ఆట సూసి పేరు రాసిస్తారట. ఒకడే. నాను రత్నరాజు వైపు సూళ్లేదు. ఆడూ నా వైపు సూళ్లేదు.

అదే రోజు, సాయంత్రం ఆరు

ఒక్క పోస్టు. ఇద్దరం. థూ.

నవంబరు 13, ఆదివారం

హాస్టలు నుంచి పెందుర్తి, ఇంటికెళ్లేను. నాన్నకి పోస్టు సంగతి సెప్పేను. అడుగులేని బుట్టలో బంతేత్తే ఉద్యోగమిత్తారేట్రా అని పగలబడి నవ్వేడు. నాను అటెళ్లగానే, ఎన్నేత్తే ఇత్తారో కనుక్కోవే అని అమ్మనడిగేడట. అమ్మ సెప్తే నాకూ నవ్వొచ్చింది. బస్సెక్కేక ఏడుపొచ్చింది. ఎవరిదో చేలో కలుపు తీసి తీసి ఆయన చేతులు పగిలిపోనాయి.

డిసెంబరు 9

క్వార్టర్స్ గెలిచేం. రత్నరాజు 24 పాయింట్లు, నాను 9. ఆడి కాలు బెణికితే బాగుణ్ణు అనుకున్నాను. రాసీసేను. కొట్టెయ్యను.

డిసెంబరు 10

ఆడి కాలు బాగానే ఉంది.

1984 జనవరి 20, శుక్రవారం

పాత డైరీయే, ముందు ఖాళీ పేజీల్లో రాస్తన్నాను. సెమీస్ గట్టెక్కేం. ఎల్లుండి ఫైనల్. నాన్న వస్తాడట. పని మానుకుని రావద్దన్నాను, ఆదివారం ఎవడికిరా పని అన్నాడు. కూలోడికి ఆదివారమేటి? అబద్ధం.

జనవరి 22, ఆదివారం, సాయంత్రం ఏడు

గెలిచేం. 58-57. రాయకపోతే నాకు పిచ్చెక్కిపోతాది.

ఇంకా మూడు నిమిషాలుంది. నాకు నాలుగు ఫౌళ్లు. రత్నరాజుకీ నాలుగే. అయిదోది పడితే బయటికెళ్లిపోవడమే. ఎల్లారావు గారు స్కోరరు టేబులు వెనక కుర్చీలో ఉన్నారు. నాన్న గోడమీద, ఉతికిన పంచెతో. అవతల టీము పొడుగోడు బంతట్టుకుని లోపలికొచ్చీసేడు. నానూ రత్నరాజూ ఒక్కసారే ఎగిరేం. నా మోచెయ్యి ఆ పొడుగోడి డొక్కలో దిగింది. నాదే. తగిలించినోడికి తెలీదా? రిఫరీ విజిలూదేసేడు. ఎవరిదో తేల్చుకోలేక మా ఇద్దరి మొహాలూ సూత్తన్నాడు. నాలుగేళ్లు ఎత్తిన చెయ్యి. బస్సులో కూడా ఎత్తిన చెయ్యి. అది లెగలేదు. నాను లెగనివ్వలేదు. నాకు గోడమీద ఆ పంచె ఒకటే కనిపిస్తంది.

రత్నరాజు చెయ్యెత్తేడు.

స్కోరరు అయిదువేళ్లు సూపించేడు. ఆడు ఎళ్లి బెంచీ మీద కూకున్నాడు. ఆరోగ్యమ్మ అటు పక్క నిలబడుంది. ఏటయిందని పక్కోళ్లనడుగుతంది, ఆవిడకి అవుపడదు కదా. ఆడు లేని మూడు నిమిషాలూ మా పని సచ్చి బతికినట్టయింది. ఆఖర్న బంతి నా చేతిలో పడింది. ఏసేను. పడింది. నన్ను భుజాల మీదకెత్తీసేరు. నాన్న గోడ దూకి వచ్చీసి, బుట్టలో పడిందిరా, పడిందిరా అని అందరికీ సెప్తన్నాడు, ఆళ్లెవరూ సూడనట్టు.

జనవరి 24

ఎందుకెత్తేవని రత్నరాజునడిగేను. నా చెయ్యే తగిలిందనుకున్నాను బావా, అలవాటుకొద్దీ లెగిసిపోనాది అన్నాడు. నిజంగా అలా అనుకున్నాడా, నాకోసం ఎత్తేడా? ఏదైనా నాను ఎదవనే. అది నాదిరా అందామని నోరు తెరిచేను. ఆకలేత్తందా, అమ్మ సేపలు తెచ్చింది, కవ్వళ్లు, రా అన్నాడు. ఎళ్లి తినేసేను. అవునండీ, తినేసేను. రెండోసారి అన్నం కూడా పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 3

పోర్టు నుంచి ఉత్తరం. నా పేరే. రత్నరాజు ఆట బెమ్మాండం గానీ అవసరానికి నిలబడ్డు అన్నారట ఎల్లారావు గారు. నాన్న ఆ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగేడు. ఆయనకి సదువు రాదు, తల్లకిందులుగా పట్టుకున్నాడట.

ఫిబ్రవరి 6

ఎల్లారావు గారికి సెప్పేద్దామని పోర్టు గేటుదాకా ఎళ్లేను. వచ్చీసేను.

ఫిబ్రవరి 7

మళ్లీ ఎళ్లేను. మళ్లీ వచ్చీసేను.

ఫిబ్రవరి 9

మాస్టారికి సెప్పీసేను, అంతా. ఆయన స్టోర్‌రూములో బంతికి గాలి కొడతన్నాడు. పంపు ఆపలేదు. నాను సూసేన్రా అన్నాడు. సూసి ఎందుకూరుకున్నారని అరిచేను. ఓలమ్మో, మాస్టారి మీద అరిచేను! నాలుగేళ్లు నాను విజిలెందుకు ఊదలేదనుకున్నావు, ఆ ఒక్క రోజూ ఊదడానికా అన్నాడు. ఇప్పుడేటి సెయ్యమంటారని కాళ్లట్టుకున్నాను. సంతకాలైపోయిన స్కోర్‌షీటు ఎవరూ దిద్దరట. ఎల్లారావు ఉన్న గేటు మాత్రం తెరిచే ఉంటాదట. పది రౌండ్లు కొట్టనా అంటే తల అడ్డంగా ఊపేడు. అయినా కొట్టేను. ఇరవై కొట్టేను. కాళ్లు నెప్పులు పుట్టేయి, అంతే.

ఫిబ్రవరి 15

రత్నరాజు ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సేరిపోనాడు. పరీక్షలు రాయడట. ఆడి బూట్లు నాకిచ్చీసేడు, ఐసులో ఎలాగూ నానిపోతాయి, పోర్టు టీముకి నీకే పనికొస్తాయి బావా అని. వద్దంటే బాధపడతాడని తీసుకున్నాను. కాదు. నా బూట్లు సిరిగిపోనాయి, అందుకు తీసుకున్నాను.

ఫిబ్రవరి 20, సోమవారం, ఉదయం ఎనిమిది

పోర్టాఫీసు వరండా. కొత్తగా సేరేవోళ్లం పదకొండు మందిమి. గుమస్తా పేర్లు పిలుస్తన్నాడు. ఉన్నోళ్లు చెయ్యెత్తాలట.

నా పేరొచ్చింది. ఎత్తేను.

ఎంత సులువుగా లెగిసిందో, ఎదవ చెయ్యి.