నాయనమ్మ కమ్మకి ఏడో రవ్వ

నాయనమ్మా, బస్సు టైమైంది, పోతున్నా. నీ ఏడురాళ్ళ కమ్మల్లో ఎడమదానికి ఊడిపోయిన రవ్వ బదులు కొత్తది తెచ్చి, దేవుడి గూట్లో కుంకుమ భరిణెలో పెట్టా. అచ్చొచ్చిద్దో లేదో మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడు. అచ్చొస్తే ఆచారి గారికిచ్చి పొదిగించు. రోకలితో మాత్రం కొట్టి చూడమాక! గనిలో దొరికిన వజ్రమైనా ఆ దెబ్బకి పగులుద్ది.

ఇది గాజురాయి కాదే తల్లీ, ల్యాబ్‌లో పెంచిన అసలు వజ్రమే. మళ్ళీ అమ్మితే పెద్దగా రాదు, నిజమే. మనం అమ్ముతామా ఏంది? "మిషన్లో పుట్టినదాన్ని చెవికి పెట్టుకోను" అన్నావంట అమ్మతో. నేను మాత్రం మంత్రసాని చేతిలో పుట్టానా? ఆసుపత్రిలో పుట్టినదాన్ని చంకనేసుకుని ఊరంతా తిప్పావుగా!

మిరప కల్లంలో ఆ రవ్వ పోయినకాడ్నించి కమ్మలు తీసి బీరువాలో దాచేశావు. వచ్చే ఆదివారం సుకన్యత్త గృహప్రవేశానికి పెట్టుకుంటావని నాకు చానా ఆశగా ఉంది.

హారిక

అన్నట్టు, కొత్తది అచ్చిరాకపోతే ఆ కమ్మ ఆరు రాళ్ళతోనే పెట్టుకో. బోసి చెవులతో మటుకు రామాక.